రీల్స్‌కి శుభం కార్డు లేదు: రాత్రి ఫోన్ మానడం ఎందుకింత కష్టం, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి

రాత్రి పదకొండుకి పడుకుందామని మంచం ఎక్కినవాళ్లు ఒంటిగంటకి గానీ ఫోన్ పక్కన పెట్టకపోవడం ఇప్పుడు మన ఇళ్లలో మామూలైపోయింది. పొద్దున లేచేసరికి తలంతా బరువు, ఆఫీసుకో కాలేజీకో ఉరుకులు పరుగులు, మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్లు మూతలు పడటం, సాయంత్రం అయ్యేసరికి "ఈరోజు మాత్రం తొందరగా పడుకోవాలి" అనుకోవడం, రాత్రికి మళ్లీ అదే కథ. ఎవరిని కదిపినా చెప్పే మాట ఒకటే: "నాకు కంట్రోల్ లేదండీ." ఈ మాటతోనే నాకు పేచీ. వంట, పిల్లలు, ఆఫీసు, ఈఎంఐలు, ఇంట్లో పెద్దవాళ్ల మందులు, ఇన్నిటిని రోజంతా నెట్టుకొచ్చే మనిషికి కంట్రోల్ లేదంటే ఎలా నమ్మడం? నాకు అర్థమైనంతవరకు రాత్రి ఫోన్ సంగతి రాత్రి పదకొండుకి తేలేది కాదు, సాయంత్రం ఏడింటికే సగం తేలిపోతుంది. ఇదెలాగో చెప్పాలంటే ముందు ఈ అలవాటు మనకి ఎలా పట్టుకుందో చూడాలి.

2016 సెప్టెంబరులో జియో వచ్చేదాకా మనం డేటాని ఎంబీల లెక్కన పొదుపుగా వాడుకునేవాళ్లం, వీడియో ఓపెన్ చేసేముందు వైఫై ఉందా లేదా అని చూసుకునేవాళ్లం. ఆ తర్వాత రోజుకి ఒక జీబీ, ఒకటిన్నర, రెండు అంటూ ప్యాక్‌లు వచ్చాయి. ఈ రోజువారీ కోటాలో ఎవరూ పెద్దగా పట్టించుకోని చిక్కు ఒకటుంది. చాలా ప్యాక్‌లలో అర్ధరాత్రి 12 కాగానే మిగిలిన డేటా పోతుంది, కొత్త రోజు లెక్క మొదలవుతుంది. పదిన్నరకి చూసుకుంటే ఇంకా ముప్పావు జీబీ మిగిలి ఉంటుంది, డబ్బు కట్టింది ఊరికే పోతుందే అనిపిస్తుంది. అన్నం మెతుకు పారేయడానికి మనసొప్పని ఇళ్లలో పెరిగిన మనకి ఇది చాలా సహజం. కొన్ని ప్లాన్లలో అయితే అర్ధరాత్రి నుంచి తెల్లవారేదాకా లెక్కే లేదు, ఎంతైనా వాడుకోవచ్చు. అంటే మనం నిద్రపోవాల్సిన టైముకే డేటా అన్నిటికంటే చవగ్గా దొరుకుతుంది.

తర్వాత 2020. జూన్ 29న మన ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించింది. లాక్‌డౌన్ రోజులు, జనం ఇళ్లలోనే ఉన్నారు. జులైలోనే ఇన్‌స్టాగ్రామ్ ఇక్కడ రీల్స్ తెచ్చింది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్‌ని మొట్టమొదట పరీక్షించింది కూడా ఇండియాలోనే. యాప్ పోయింది గానీ అలవాటు ఒక్క నెల కూడా ఖాళీగా లేదు. అప్పటిదాకా టిక్‌టాక్ మొహం చూడని పెద్దవాళ్లకి కూడా, ఎప్పణ్నుంచో వాడుతున్న యూట్యూబ్‌లోనే ఈ నిమిషం వీడియోలు కనిపించడం మొదలైంది.

ఈ వీడియోలకి ముందు మనం చూసినవాటికి అన్నిటికీ ఒక చివర ఉండేది. వారపత్రికలో సీరియల్ "వచ్చేవారం" అని ఆగేది, దూరదర్శన్ రాత్రి ఒక టైముకి ప్రసారాలు ఆపేసేది, సినిమా అయితే తెరమీద శుభం కార్డు పడేది. శుభం పడిందంటే చెప్పులు వెతుక్కుని లేవాల్సిందే, ఇక కూర్చోవాలా వద్దా అని ఆలోచించే పని లేదు. రీల్స్‌కి ఆ శుభం కార్డు లేదు. పేజీ చివరికి రాగానే దానంతటదే కొత్తది వచ్చి చేరే పద్ధతిని 2006లో అజా రాస్కిన్ అనే డిజైనర్ తయారుచేశాడు, జనం దానివల్ల ఎంత టైము పోగొట్టుకుంటున్నారో చూశాక తనే బహిరంగంగా పశ్చాత్తాపపడ్డాడు. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఆగే చోటు తీసేయడం అంటే ఆపే బాధ్యత మొత్తం చూసేవాడి నెత్తిన వేయడం. అదీ ఎప్పుడు? రోజంతా పనిచేసి మెదడు అలిసిపోయిన రాత్రి పదకొండుకి.

దీనికి తోడు ఏ వీడియో బావుంటుందో ముందే తెలియదు. ఆరు చప్పగా ఉంటాయి, ఏడోది పొట్టచెక్కలయ్యేలా నవ్విస్తుంది, మళ్లీ నాలుగు చప్పగా. అమెరికాలో స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలింది ఇదే: మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే పావురం కడుపు నిండాక ఊరుకుంటుంది, ఎప్పుడు పడుతుందో తెలియనప్పుడు మాత్రం నొక్కుతూనే ఉంటుంది. తర్వాత వుల్ఫ్రామ్ షుల్ట్జ్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం ఇస్తూ, వాటి మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాల్ని గమనించి ఇంకో సంగతి చెప్పాడు. ఆ కణాలు రసం దొరికినందుకు కంటే, దొరకబోతోందన్న సూచనకి, ఊహించనిది దొరికినప్పటి తేడాకి ఎక్కువగా స్పందిస్తాయి. అందుకే మనం చూస్తున్నది నచ్చకపోయినా బొటనవేలు కదులుతూనే ఉంటుంది. "ఏం చూశావురా గంటసేపు" అని అడిగితే ఒక్కటీ గుర్తుండదు. అలాగని ఈమధ్య అందరూ చెబుతున్న "డోపమైన్ డిటాక్స్" అనే మాటని పట్టుకోకండి. డోపమైన్ ఒంట్లోంచి కడిగేసే మురికి కాదు, అది లేకపోతే మనం మంచినీళ్ల గ్లాసు అందుకోవడానికి కూడా చెయ్యి చాపం.

ఇక నీలి కాంతి గురించి. ఫోన్ వల్ల నిద్ర చెడుతుందనగానే అందరూ దీన్నే తిడతారు, కళ్లజోళ్ల షాపుల్లో దీనికోసం ప్రత్యేకమైన అద్దాలు అమ్ముతారు. ఇందులో కొంత నిజం ఉంది. మన కంట్లో నీలి కాంతికి బాగా స్పందించే కణాలు కొన్ని ఉన్నాయి, వాటిమీద వెలుగు పడితే "ఇంకా పగలే" అన్న కబురు మెదడుకి వెళ్తుంది, చీకటి పడ్డాక పెరిగి ఒంటిని నిద్రకి సిద్ధం చేయాల్సిన మెలటోనిన్ అనే హార్మోన్ ఆలస్యం అవుతుంది. అయితే ఎంత ఆలస్యం? బోస్టన్‌లో చేసిన ఒక ప్రయోగం ఫలితాలు 2014 చివర్లో వచ్చాయి. పన్నెండు మందిని పడుకునేముందు నాలుగు గంటలపాటు, వెలుగు పూర్తిగా పెంచిన టాబ్లెట్‌లో చదవమన్నారు, ఇంకొన్ని రోజులు వాళ్లనే మామూలు పుస్తకం చదవమన్నారు. టాబ్లెట్ రోజుల్లో మెలటోనిన్ గంటన్నర ఆలస్యంగా పెరిగింది, పొద్దున మగత ఎక్కువగా ఉంది, కానీ నిద్ర పట్టడానికి అదనంగా పట్టింది సగటున పది నిమిషాలు. నాలుగు గంటలు అంత వెలుగులో చూస్తే పది నిమిషాలు! మనకి పోతున్నది రెండు గంటలు. ఆ మిగతా గంటా యాభై నిమిషాలు వెలుగు తినేసింది కాదు, మనం మేలుకుని చూస్తూ కూర్చున్నది. అందుకే స్క్రీన్‌ని పసుపు రంగులోకి మార్చే నైట్ మోడ్ వేసుకుని నిశ్చింతగా ఒంటిగంట దాకా చూసేవాళ్లకి అది పెద్దగా ఒరగబెట్టేదేమీ లేదు. దానివల్ల నిద్ర బాగుపడుతుందనడానికి గట్టి ఆధారాలూ లేవు.

మరి ఎందుకు మేలుకుంటున్నాం? నాకు ఈ విషయంలో అన్నిటికంటే ముఖ్యమని తోచేది ఇదే, ఎక్కువమంది మాట్లాడనిది కూడా ఇదే. ఆ టైము మనకి దొరికే ఒకే ఒక్క సొంత టైము. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ యూనివర్సిటీవాళ్లు 2014లో దీన్ని పట్టుకుని ప్రత్యేకంగా పరిశోధించారు: పడుకోవడానికి ఏ అడ్డమూ లేదు, పడుకోకపోతే రేపు నష్టమని తెలుసు, అయినా మనిషి నిద్రని వాయిదా వేస్తాడు. మన దగ్గర దీని రూపం చూడాలంటే ఏ ఇంట్లోనైనా రాత్రి పదింటికి వంటగదిలోకి తొంగిచూస్తే చాలు.

మా అక్కనే చూడండి. తొమ్మిదిన్నరకి అందరి భోజనాలు, తర్వాత మిగిలిన కూర చిన్న గిన్నెలోకి మార్చడం, పాలు ఫ్రిజ్‌లో పెట్టడం, గిన్నెలు కడగడం, స్టవ్ తుడవడం, రేపటి ఇడ్లీకి రుబ్బిన పిండిలో ఉప్పు కలిపి మూత పెట్టడం, పిల్లాడి లంచ్ బాక్స్ రబ్బరు ఎక్కడుందో వెతకడం, ఇవన్నీ అయ్యేసరికి పదిముప్పావు. అప్పుడు చెయ్యి తుడుచుకుని మంచం అంచున కూర్చుని ఫోన్ తీస్తుంది. "పడుకోవే" అంటే "రోజంతట్లో నేను నాకు దొరికేది ఇప్పుడే కదే, ఇది కూడా వదిలేయమంటావా" అంది. ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆ మనిషి దగ్గర్నుంచి ఫోన్ లాక్కోవడం అంటే ఆ ఒక్క గంటా లాక్కోవడమే. హైదరాబాద్‌లో అమెరికా క్లయింటుతో రాత్రి పదింటిదాకా కాల్స్‌లో ఉండే ఐటీ కుర్రాడిదీ ఇదే పరిస్థితి, పొద్దున ఐదింటి నుంచి స్టడీ అవర్లలో ఉండి వచ్చిన ఇంటర్ పిల్లదీ అదే. వాళ్లకి కావాల్సింది రీల్స్ కాదు, ఎవరూ ఏమీ అడగని కాసేపు. అది ఇంకెక్కడా దొరకదు కాబట్టి నిద్రలోంచి కోసుకుంటున్నారు.

అక్క విషయంలో పనిచేసింది ఏమిటంటే, ఇంట్లో పనుల టైములు జరపడం. భోజనాలు ఎనిమిదికి వచ్చాయి. గిన్నెల పని బావగారు తీసుకున్నారు, మొదట్లో కొంత గొణుగుడు ఉంది గానీ తీసుకున్నారు. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా అక్కని ఎవరూ పిలవకూడదు, అది ఇంట్లో ఒప్పందం. ఆ గంటలో మేడ మీద నడుస్తుంది, స్నేహితురాలితో మాట్లాడుతుంది, ఇష్టమైతే ఫోన్‌లో వీడియోలే చూస్తుంది, కాకపోతే హాల్లో, లైటు వేసుకుని, కుర్చీలో కూర్చుని. పదిన్నరకి మంచం ఎక్కేసరికి ఇంకా ఏదో బాకీ ఉన్న భావన లేదు. ఫోన్ మానమని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. రోజులో ఆ గంట ముందుకి వచ్చింది, రాత్రి గంట దానంతటదే చాలావరకు ఊడిపోయింది. ఇల్లంతా కదలాల్సిన పని ఇది, ఒక్క మనిషి దృఢ సంకల్పంతో అయ్యేది కాదు. ఇంట్లో ఆడవాళ్లు రాత్రి ఫోన్ చూస్తున్నారని విసుక్కునే మగవాళ్లు ముందు సింకులో గిన్నెలు ఎవరు కడుగుతున్నారో చూసుకోవాలని నేను గట్టిగా అంటాను.

పరిసరాలు మారితే అలవాటు ఎంత తేలిగ్గా వదులుతుందో మనకి కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు, అయ్యప్ప దీక్ష చూస్తూనే పెరిగాం. ఏళ్ల తరబడి సిగరెట్టు మానలేనివాడు, రోజూ మందు లేందే ఇంటికి రానివాడు, మాల వేసుకున్న రోజునుంచి 41 రోజులు దాని జోలికి పోడు. దేవుడి మీద భక్తి, భయం ఉన్నాయి, వాటిని నేను తక్కువ చేయను. దాంతోపాటు ఇంకేం జరుగుతోందో కూడా చూడండి. తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం, నల్ల బట్టలు, కింద పడక, సాయంత్రం పూజ, భజన, చుట్టూ అదే దీక్షలో ఉన్న పదిమంది. ఇంట్లోవాళ్లు సాయం చేస్తారు, ఆఫీసులో పై అధికారి కూడా "స్వామీ" అని పిలుస్తాడు, సిగరెట్ కొట్టు దగ్గరికి పిలిచేవాళ్లు పిలవడం మానేస్తారు. సాయంత్రం ఏడింటికి ఖాళీగా ఉండే టైమే లేదు. మానాల్సినదాన్ని తలుచుకునే చోట్లన్నీ మూసేసి, ఆ స్థలంలో చేయాల్సిన పని పెట్టిన పద్ధతి అది. ఇరుముడి సమర్పించి వచ్చి మాల తీశాక కొందరు వారం తిరక్కుండానే మళ్లీ మొదలుపెడతారు, అదీ మనం చూసిందే. వాళ్ల భక్తి అబద్ధమని నేననను. పాత రొటీన్, పాత స్నేహాలు, పాత సాయంత్రాలు చెక్కుచెదరకుండా వాళ్లకోసం కాచుకుని ఉన్నాయి, అంతే.

అందుకే "21 రోజులు చేస్తే అలవాటైపోతుంది" అన్న మాట మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. ఆ లెక్క 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ రాసిన మాటల్లోంచి వచ్చింది, ఆపరేషన్ అయినవాళ్లు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. అందులోంచి "కనీసం" ఎగిరిపోయి మిగిలింది ఇంటర్నెట్ అంతా తిరుగుతోంది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి తేల్చింది వేరు: సగటున 66 రోజులు, మనిషిని బట్టి పనిని బట్టి 18 నుంచి 254 దాకా. అదే అధ్యయనంలో ఇంకో ఊరటనిచ్చే సంగతి ఉంది, మధ్యలో ఒకరోజు తప్పిపోతే అలవాటు పడే తీరుకి చెప్పుకోదగ్గ నష్టం ఏమీ రాలేదు. పెళ్లికెళ్లి వచ్చిన రాత్రి రెండింటిదాకా చూశారనుకోండి, "ఇక నావల్ల కాదు" అని చాప చుట్టేయక్కర్లేదు, మర్నాడు మామూలుగా మొదలుపెట్టొచ్చు.

ఇప్పుడు చేయాల్సిన పనుల సంగతి. నన్నడిగితే ఒకే ఒక్కటి చేయగలిగినవాళ్లు చార్జర్‌ని పడకగదిలోంచి బయటికి మార్చండి. హాల్లో టీవీ పక్కనో, వంటగదిలో మిక్సీ పక్కనో. దీనికి వెంటనే వచ్చే అడ్డం "మరి అలారం?" అని. మంచం పక్కన ఫోన్‌ని కట్టిపడేసే తాడు నిజంగా అదే, బజార్లో నాలుగైదు వందలు పెడితే గంట మోగే గడియారం వస్తుంది, కొనుక్కోండి. పొద్దున లేవగానే అలారం ఆపే నెపంతో ఫోన్ చేతికి రాకపోవడం దీంతో వచ్చే రెండో లాభం. ఇంకో అడ్డం చాలా న్యాయమైంది: "మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, ఏ రాత్రి ఫోన్ చేస్తాడో." పిల్లలు బయటి దేశాల్లో ఉన్న అమ్మానాన్నలకి ఫోన్ దూరంగా పెట్టమని చెప్పడం తేలిక, వాళ్లకి నిద్ర పట్టొద్దూ? డు నాట్ డిస్టర్బ్‌లో ముఖ్యమైన నాలుగు నంబర్లకి మాత్రం రింగ్ అయ్యేలా పెట్టుకునే వీలు ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ ఉంది. అది పెట్టి, రింగ్ సౌండ్ పెంచి హాల్లో వదిలేస్తే అబ్బాయి ఫోన్ వినిపిస్తుంది, వాట్సాప్ గ్రూపులో గుడ్ నైట్ బొమ్మలు వినిపించవు. వాళ్లు వాట్సాప్‌లోనే కాల్ చేసేవాళ్లైతే, అర్జెంటుకి మామూలు కాల్ చేయమని ముందే చెప్పుకోవాలి.

పడుకునే టైముని పట్టుకుని వేలాడకుండా లేచే టైముని పట్టుకోండి. నిద్ర మనం రమ్మంటే రాదు. మేలుకున్న కొద్దీ మెదడులో అడెనోసిన్ అనే రసాయనం పేరుకుని నిద్ర ఒత్తిడి పెరుగుతుంది, దానికి శరీరంలోని గడియారం తోడవుతుంది. రెండిటినీ సర్దే తేలికైన దారి, ఆదివారంతో సహా ఇంచుమించు ఒకే టైముకి లేవడం, లేచిన గంటలోపు బయటి వెలుగులో కాసేపు ఉండటం. బాల్కనీలో మొక్కలకి నీళ్లు పోసినా సరే, పాలప్యాకెట్టుకి నడిచి వెళ్లినా సరే. సాయంత్రం ఐదారింటి టీ కాఫీల్ని కొంచెం ముందుకి జరపండి, తాగిన కెఫీన్‌లో సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. రాత్రి భోజనం అయ్యాక పది పదిహేను నిమిషాలు నడిస్తే తిన్న తర్వాత పెరిగే షుగర్ కూడా కొంత తగ్గుతుంది. మన ఇళ్లలో షుగర్ లేని కుటుంబం ఎక్కడుంది గనక, ఫోన్ సంగతి పక్కన పెట్టినా ఈ నడక చేయదగ్గదే.

మొదటి రాత్రుల్లో ఫోన్ లేకుండా పడుకుంటే ఇన్నాళ్లూ అది కప్పిపెట్టినవన్నీ ఒక్కసారిగా తలలోకి వస్తాయి. ఫీజు కట్టాలి, ఆ మెయిల్‌కి జవాబివ్వలేదు, అమ్మకి స్కానింగ్ చేయించాలి. చాలామంది తిరిగి ఫోన్ అందుకునేది ఇక్కడే, విసుగు కంటే ఈ టెన్షన్ భరించలేక. 2018లో అమెరికాలోని బేలర్ యూనివర్సిటీలో 57 మంది మీద చేసిన ప్రయోగంలో, పడుకునేముందు ఐదు నిమిషాలు రాబోయే రోజుల్లో చేయాల్సిన పనులు కాగితం మీద రాసినవాళ్లకి, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సగటున తొమ్మిది నిమిషాలు ముందే నిద్ర పట్టింది. చిన్న ప్రయోగమే, ఖర్చు మాత్రం ఒక నోటు పుస్తకం. రాసేటప్పుడు వివరంగా రాయాలి, "ఫీజు" అని కాకుండా "గురువారం లంచ్ టైములో ఫీజు కట్టాలి, రసీదు బావకి పంపాలి" అన్నట్టు.

పిల్లల విషయంలో నియమం ఇంటిల్లిపాదికీ ఒకటే ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని చెప్పింది. ఫోన్ చూపిస్తే గానీ ముద్ద దిగని పిల్లల్ని ఇన్ని ఇళ్లలో చూస్తున్నాం, అక్కడ మొదట మారాల్సింది అన్నం పెట్టే పెద్దవాళ్ల తొందర. మహారాష్ట్రలో సాంగ్లీ జిల్లా మోహిత్యాంచె వడ్‌గావ్ అనే ఊళ్లో 2022లో సాయంత్రం ఏడింటికి గుళ్లో సైరన్ మోగించడం మొదలుపెట్టారు. గంటన్నరపాటు ఊరంతా టీవీలు, ఫోన్లు కట్టేయాలి, పిల్లలు చదువుకోవాలి, పెద్దవాళ్లు కూడా ఫోన్ పట్టుకోకూడదు. ఈ ఊరి కథలో నాకు నచ్చింది వాళ్లు ఎంచుకున్న టైము. ఏడింటికి. పడుకునేముందు ఫోన్లు లాక్కోలేదు, సాయంత్రాన్ని అందరికీ ఒకేసారి ఖాళీ చేశారు. ఒక అపార్ట్‌మెంట్‌లో, ఒక వీధిలో, కనీసం ఒక ఇంట్లో ఇది చేయలేమా?

కొందరికి ఇవన్నీ చేసినా నిద్ర రాదు. పడుకుని ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి వేరే గదిలో తక్కువ వెలుగులో కూర్చుని, కునుకు వస్తోందనిపించాక మళ్లీ వెళ్లమని నిద్ర వైద్యులు చెబుతారు, మంచం అంటే నిద్రే అని మెదడు మళ్లీ నేర్చుకోవడానికి. వారానికి మూడు రాత్రులైనా ఇలాగే ఉండి మూడు నెలలు దాటితే అది వైద్యం అవసరమైన నిద్రలేమి, ఫోన్ అలవాటు కింద కొట్టిపారేయకూడదు. గట్టిగా గురక పెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యేవాళ్లు, దిగులుతో నిద్రపట్టనివాళ్లు డాక్టర్‌ని కలవాలి. ఫోన్, గేమ్స్ చదువునో ఉద్యోగాన్నో దెబ్బతీసేదాకా వచ్చినవాళ్ల కోసం బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ప్రత్యేక విభాగం నడుస్తోంది. అంత దూరం వెళ్లలేనివాళ్లు కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఏ టైములోనైనా ఫోన్ చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.